ఒకే ఇమేజ్, నాలుగు తరాల కంప్యూటర్లు: ల్యాబ్ డైరీ

ల్యాబ్‌లో ఉన్నది ఇదీ

మా డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో ఒకే ఇమేజ్, అంటే సిస్టమూ సాఫ్ట్‌వేరూ అన్నీ ఉన్న డిస్కు నకలు, ఎక్కించిన కథ ఇది. ఇక్కడి కంప్యూటర్లన్నీ ఒకేసారి కొన్నవి కావు. గ్రాంటు వచ్చినప్పుడల్లా ఒక బ్యాచ్ వచ్చింది, ఒక్కో బ్యాచ్ ఒక్కో వరస అయింది. కిటికీ వైపు కోర్ 2 డ్యుయోలు: జీ31 మదర్‌బోర్డులు, డీడీఆర్2 ర్యామ్, కంప్యూటర్‌ని లేపే ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) పాత బయోస్, కొత్త రకమైన యూఈఎఫ్ఐ ఊసే లేదు. మధ్య వరసలో లోకల్‌గా అసెంబుల్ చేయించిన నాలుగో తరం ఐ3లు, 500 జీబీ హార్డ్ డిస్కులతో. గోడ వైపు ఎనిమిదో తరం ఐ5లు, వాటికి శాటా ఎస్ఎస్‌డీలు. తలుపు దగ్గర కొత్తగా వచ్చిన పన్నెండో తరం డెస్క్‌టాపులు, ఎన్‌వీఎమ్ఈ డిస్కులతో (శాటా కన్నా వేగమైన ఎస్ఎస్‌డీలు).

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే టీపీఎమ్ 2.0 అనే భద్రతా భాగం ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరమో ఆ పైదో కావాలి. ఆ లెక్కన కిటికీ వరస, మధ్య వరస రెండూ బయటికి పోవాలి. సీ ప్రోగ్రామింగ్‌కీ, పైథాన్‌కీ, డీబీఎమ్ఎస్ ప్రాక్టికల్స్‌కీ ఇప్పటికీ సరిపోయే మెషీన్లను స్క్రాప్‌కి పంపడానికి నాకు మనసొప్పలేదు. అందుకే లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 13 ఎంచుకున్నాం. 2025 ఆగస్టు 9న విడుదలైంది, 6.12 కెర్నల్‌తో (హార్డ్‌వేర్‌ని నడిపే మూల భాగం). మూడేళ్ళు పూర్తి సపోర్టు, ఆ తర్వాత రెండేళ్ళు ఎల్‌టీఎస్ అనే పొడిగింపు సపోర్టు. ఈ వెర్షన్ నుంచి 32 బిట్ పీసీలకి ఇన్‌స్టాలర్ తీసేశారు గానీ, కోర్ 2 డ్యుయో 64 బిట్ ప్రాసెసరే కాబట్టి మాకు అడ్డం కాలేదు. ర్యామ్ మాత్రం ఆ బోర్డులు పట్టేదే 4 జీబీ. అంతవరకూ నింపి, తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ పెట్టాలని నిర్ణయం.

బీకాం పిల్లలకి ట్యాలీ కావాలి, అది విండోస్ మీదే నడుస్తుంది. వాళ్ళ కోసం తలుపు దగ్గరి మెషీన్లలో కొన్నిటిని విండోస్ 11తోనే వదిలేశాం. మిగతా ల్యాబంతటికీ ఒకే ఇమేజ్.

నాలుగు వరసలకి నాలుగు ఇమేజ్‌లు చేసుకోవడం తేలికే, చేసిన రోజున. ఆ తర్వాత ఒక ప్యాకేజీ కలపాలన్నా, ఒక సెట్టింగ్ మార్చాలన్నా నాలుగు చోట్ల చేయాలి. ఒక సెమిస్టర్ గడిచేసరికి అవి నాలుగు వేర్వేరు సిస్టమ్‌లు అయి కూర్చుంటాయి. ప్రాక్టికల్ పరీక్షలో ఏ సీటు పడినా పిల్లవాడికి ఒకే కంపైలరు, ఒకే ఎడిటరు, ఒకే మెనూ కనబడాలి. ఈ పనంతా దానికోసమే.

సోమవారం: ఇమేజ్ ఎక్కడ తయారు చేయాలి

మా ల్యాబ్ అసిస్టెంటు గారు మొదట అడిగింది ఇదే. "గోడ వైపు ఐ5 బాగుంది కదా మేడమ్, దాంట్లో అన్నీ ఇన్‌స్టాల్ చేసి దాన్నే కాపీ కొడదామా?" చాలామంది చేసేది అదే. కానీ ఏ మెషీన్ మీద తయారు చేస్తే ఆ మెషీన్ గుర్తులు ఇమేజ్‌లో పడతాయి. నెట్‌వర్క్ కార్డు పేరు, డిస్కు నంబరు, మానిటర్ సెట్టింగ్, బూట్ ఎంట్రీ ఇలా ఎక్కడెక్కడో. తర్వాత కూర్చుని ఒక్కొక్కటే వెతికి చెరపడం కన్నా, ఏ మెషీనూ కాని చోట తయారు చేయడం మేలు. అందుకని వర్చువల్ మెషీన్‌లో (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్‌లో) మొదలుపెట్టాం, క్యూఈఎమ్‌యూ, కేవీఎమ్ అనే సాఫ్ట్‌వేర్ల మీద.

వర్చువల్ డిస్కు సైజు 24 జీబీ మాత్రమే ఇచ్చాను. కారణం ఉంది. ఇమేజ్‌లు తీయడానికి వాడే క్లోన్‌జిల్లా అనే పనిముట్టులో ఇమేజ్ తిరిగి పోసేటప్పుడు గమ్యం డిస్కు అసలు డిస్కు కన్నా చిన్నదైతే మామూలు పద్ధతిలో ఒప్పుకోదు. పెద్దదైతే ఇబ్బంది లేదు, మిగిలిన జాగా తర్వాత కలుపుకోవచ్చు. కాబట్టి అసలు డిస్కు ల్యాబ్‌లోని అతి చిన్న డిస్కు కన్నా చిన్నదై ఉండాలి.

ఈ సమస్య కొత్తది కాదు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఘోస్ట్ అనే పనిముట్టుతో ఇమేజ్‌లు తీసినవాళ్ళకి హెచ్ఏఎల్ (విండోస్‌కీ హార్డ్‌వేర్‌కీ మధ్య పొర) బాధ గుర్తుండే ఉంటుంది. సింగిల్ ప్రాసెసర్ మెషీన్‌కీ మల్టీ ప్రాసెసర్ మెషీన్‌కీ వేర్వేరు హెచ్ఏఎల్ ఫైళ్ళు, అది కుదరకపోతే బూటే కాదు. డిస్కు కంట్రోలర్ మారితే స్టాప్ 7బి అని నీలం తెర. విస్టాతో విమ్ అనే ఇమేజ్ ఫార్మాట్ వచ్చాక ఒకే ఇమేజ్ వేర్వేరు హార్డ్‌వేర్ మీద ఎక్కడం మామూలైంది. అక్కడ గుర్తులు చెరిపే పని సిస్‌ప్రెప్ చేస్తుంది. డెబియన్‌లో అలాంటి పనిముట్టు సిస్టమ్‌తో పాటే రాదు. ఆ పని మనమే చేయాలి, ఏది ఎక్కడుందో తెలిసి చేయాలి.

బుధవారం: బయోసూ యూఈఎఫ్ఐ ఒకే డిస్కులో

కిటికీ వరసకి బయోస్ తప్ప వేరే తెలియదు. తలుపు దగ్గరివి యూఈఎఫ్ఐలో తప్ప బూట్ కావు. ఒకే డిస్కు లేఅవుట్ రెండింటికీ సరిపోవాలి.

జీపీటీ పార్టిషన్ టేబుల్ (డిస్కు భాగాల పట్టికలో కొత్త రకం) తీసుకుని మూడు భాగాలు చేశాను. మొదటిది 1 ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్, అందులో ఫైల్‌సిస్టమ్ ఉండదు, గ్రబ్ అనే బూట్‌లోడర్ (సిస్టమ్‌ని లేపే ప్రోగ్రాం) తన కోర్ భాగాన్ని నేరుగా అక్కడ రాసుకుంటుంది. రెండోది 512 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్, ఫ్యాట్32. మూడోది రూట్, అంటే అసలు సిస్టమ్ ఉండేది, ఈఎక్స్‌టీ4. దీని మీద గ్రబ్‌ని రెండుసార్లు ఇన్‌స్టాల్ చేయాలి, ఒకసారి ఐ386-పీసీ టార్గెట్‌తో, ఇంకోసారి ఎక్స్86-64-ఈఎఫ్ఐ టార్గెట్‌తో. డెబియన్‌లో గ్రబ్-పీసీ, గ్రబ్-ఈఎఫ్ఐ ప్యాకేజీలు ఒకదానితో ఒకటి పొసగవు, ఒకటి పెడితే రెండోది ఊడుతుంది. వాటి "బిన్" ప్యాకేజీలు మాత్రం పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండు బిన్‌లు పెట్టుకుని గ్రబ్-ఇన్‌స్టాల్ మనమే నడిపితే సరి.

ఈఎఫ్ఐ వైపు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "రిమూవబుల్" ఆప్షన్ తప్పనిసరి. మామూలుగా అయితే గ్రబ్ తన బూట్ ఎంట్రీని మదర్‌బోర్డు మీది ఎన్‌వీర్యామ్ అనే చిన్న మెమరీలో రాస్తుంది. అది బోర్డులో ఉండే విషయం, డిస్కుతో పాటు రాదు. ఇమేజ్‌ని కొత్త మెషీన్‌లో పోస్తే అక్కడి బోర్డుకి ఆ ఎంట్రీ తెలియదు. రిమూవబుల్ ఆప్షన్ పెడితే బూట్ ఫోల్డర్‌లో బూట్‌ఎక్స్64 అనే డిఫాల్ట్ పేరుతో ఫైల్ పడుతుంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యేటప్పుడు వెతికినట్టే, ఎంట్రీ లేకపోయినా ఫర్మ్‌వేర్ ఆ పేరుని వెతుక్కుంటుంది.

సంతకం లేని బూట్‌లోడర్‌ని ఒప్పుకోని సెక్యూర్ బూట్‌ని ఆపేద్దామని ఒక సలహా వచ్చింది. నేను ఒప్పుకోలేదు. 2019లో వచ్చిన డెబియన్ 10 నుంచీ సెక్యూర్ బూట్ సపోర్టు ఉంది, షిమ్ అనే మొదటి బూట్‌లోడర్ మైక్రోసాఫ్ట్ సంతకంతోనే వస్తుంది. ప్రతి మెషీన్ దగ్గరికీ వెళ్ళి ఫర్మ్‌వేర్‌లో స్విచ్ మార్చాల్సి వస్తే ఒకే ఇమేజ్ అనే మాటకి అర్థం పోతుంది.

కిటికీ వరసలో మొదట పెట్టిన మెషీన్ తెర మీద మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ లేదన్న మెసేజ్ వచ్చింది. డిస్కు బాగుంది, గ్రబ్ సరిగ్గానే ఉంది. అసలు సంగతేమిటంటే, కొన్ని పాత బయోస్‌లు డిస్కు మొదటి సెక్టారులోని పార్టిషన్ టేబుల్‌లో యాక్టివ్ గుర్తు ఉన్న ఎంట్రీ కనబడితే తప్ప బూట్ చేయవు. జీపీటీ డిస్కులో అక్కడ ఉండేది పాత రకం టేబుల్‌లా కనిపించే ప్రొటెక్టివ్ ఎమ్‌బీఆర్ ఒక్కటే, దానికి ఆ గుర్తు ఉండదు. పార్టెడ్‌లో పీఎమ్‌బీఆర్ బూట్ ఫ్లాగ్ ఆన్ చేస్తే ఆ ఎంట్రీకి గుర్తు పడుతుంది. చేశాం, వెంటనే గ్రబ్ మెనూ వచ్చింది. మధ్య వరస మెషీన్లలో లెగసీ (పాత బయోస్ తరహా) సపోర్టు ఆన్‌లో ఉన్నవి కొన్ని యూఈఎఫ్ఐ బదులు లెగసీ దారిలో బూట్ అవుతున్నాయి. రెండు దారులూ ఒకే సిస్టమ్‌కి చేరుస్తున్నాయి కాబట్టి వాటిని కదిలించలేదు.

శుక్రవారం: డిస్కు దొరకాలి ముందు

గ్రబ్ కెర్నల్‌ని లోడ్ చేస్తుంది, దాంతోపాటు ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న ఫైల్‌సిస్టమ్‌ని మెమరీలో పెడుతుంది. అసలు రూట్ డిస్కుని తెరవడానికి కావలసిన డ్రైవర్ అందులోనే ఉండాలి. లేకపోతే డ్రైవర్ డిస్కులో ఉంటుంది, డిస్కు తెరవడానికి డ్రైవర్ కావాలి, బండి అక్కడే ఆగుతుంది. ఎక్స్‌పీ నాటి స్టాప్ 7బి కథ కూడా దాదాపు ఇదే.

ఇనిట్రామ్‌ఎఫ్ఎస్‌లో ఏ డ్రైవర్లు చేరాలో మాడ్యూల్స్ అనే సెట్టింగ్ చెబుతుంది. "మోస్ట్" అంటే అన్ని రకాల డిస్కు కంట్రోలర్లకీ పెట్టు. "డెప్" అంటే ఇప్పుడు నడుస్తున్న మెషీన్‌కి కావలసినవి మాత్రమే పెట్టు. డెబియన్ ఇన్‌స్టాలర్ ఎక్స్‌పర్ట్ మోడ్‌లో ఇది అడుగుతుంది, ఇచ్చిన జవాబు డ్రైవర్-పాలసీ అనే చిన్న ఫైల్‌లో ఉండిపోతుంది. వర్చువల్ మెషీన్‌లో "డెప్" అని చేస్తే వర్చువల్ డిస్కుకి వాడే వర్టియో డ్రైవర్ తప్ప ఇంకేదీ చేరదు.

దీన్ని మా అసిస్టెంటు గారికి కళ్ళారా చూపించాలని రెండు రకాలూ కట్టి, "డెప్" ఉన్నదాన్ని గోడ వైపు ఐ5లో పెట్టాం. కాసేపు నల్ల తెర, తర్వాత రూట్ యూయూఐడీ (పార్టిషన్‌కి ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) లేదని అలర్ట్, కింద ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ అని ప్రాంప్ట్. అక్కడ పార్టిషన్ల జాబితా చూస్తే ఖాళీ. డిస్కు బోర్డుకి తగిలించే ఉంది, కెర్నల్‌కి మాత్రం కనబడటం లేదు. "మోస్ట్" ఉన్నది పెడితే అదే మెషీన్ నేరుగా లాగిన్ తెరకి వెళ్ళింది. "అంటే డిస్కు పోయిందని మొన్న పక్కన పడేసినవి కూడా ఇంకోసారి చూడాలేమో మేడమ్" అన్నారాయన. నిజమే, చూడాలి.

వరసల వారీగా ఏ డ్రైవర్ కావాలో కాగితం మీద రాసుకున్నాం. కిటికీ వైపు జీ31 బోర్డుల శాటా ఐడీఈ మోడ్‌లోనే పనిచేస్తుంది, దానికి ఏటీఏ-పీఐఐఎక్స్. మధ్య, గోడ వరసలకి ఏహెచ్‌సీఐ. తలుపు వైపు ఎన్‌వీఎమ్ఈతో పాటు వీఎమ్‌డీ. ఈ చివరిది ముఖ్యం. కొత్త ఇంటెల్ మెషీన్లు కొన్ని వీఎమ్‌డీ ఆన్‌తో వస్తాయి. అప్పుడు ఎన్‌వీఎమ్ఈ డిస్కు నేరుగా కాకుండా వీఎమ్‌డీ కంట్రోలర్ చాటున ఉంటుంది. విండోస్ ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనబడటం లేదని జనం తలలు పట్టుకునేది చాలాసార్లు దీనివల్లే. ఈ పేర్లన్నీ ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ మాడ్యూల్స్ ఫైల్‌లో కూడా విడిగా రాసి పెట్టాను. "మోస్ట్" ఉన్నా సరే, పేరు పెట్టి రాస్తే రేపు ఎవరు చూసినా ఏది ఎందుకుందో తెలుస్తుంది. ఫైల్ కట్టాక లోపల నిజంగా చేరాయో లేదో ఎల్ఎస్ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ కమాండ్‌తో చూసుకున్నాం.

ఇంకొకటి. ప్రతి బూట్‌లోనూ అర నిమిషం దాకా తెర కదలకుండా ఉండి, "గేవ్ అప్ వెయిటింగ్ ఫర్ సస్పెండ్/రెజ్యూమ్ డివైస్" అని వచ్చి, ఆ తర్వాత మామూలుగా నడిచేది. మొదట వర్చువల్ డిస్కులో స్వాప్ పార్టిషన్ (ర్యామ్ చాలనప్పుడు వాడేది) ఉండేది, దాన్ని తీసేసి జెడ్‌ర్యామ్ (ర్యామ్‌లోనే కుదించి వాడే స్వాప్) పెట్టాం. కానీ ఆ పాత స్వాప్ యూయూఐడీ రెజ్యూమ్ అనే కాన్ఫిగరేషన్ ఫైల్‌లో మిగిలిపోయింది, బూట్ అయ్యే ప్రతిసారీ లేని డిస్కు కోసం ఎదురుచూస్తోంది. అక్కడ రెజ్యూమ్ విలువ "నన్" అని రాసి ఇనిట్రామ్‌ఎఫ్ఎస్ మళ్ళీ కట్టాక ఆ ఆలస్యం పోయింది.

ఫర్మ్‌వేర్

డెబియన్ 12 నుంచి నాన్-ఫ్రీ ఫర్మ్‌వేర్‌కి (చిప్‌లలోకి ఎక్కించే, సోర్స్ ఇవ్వని కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి) విడిగా ఒక విభాగం ఉంది, ఇన్‌స్టాలర్‌లోనే వస్తుంది. రియల్‌టెక్, ఇంటెల్ వై-ఫై, ఏఎమ్‌డీ గ్రాఫిక్స్, సౌండ్ కోసం సాఫ్ సైన్డ్, ఇంటెల్, ఏఎమ్‌డీ మైక్రోకోడ్‌లు రెండూ, అన్నీ పెట్టేశాం. ఏఎమ్‌డీ మెషీన్ ఈ ల్యాబ్‌లో ఒక్కటీ లేదు, అయినా పెట్టాం. వాడని ఫర్మ్‌వేర్ డిస్కులో కొంత జాగా తింటుంది, అంతే. మెషీన్‌కి తగినది కెర్నలే బూట్ సమయంలో ఎంచుకుంటుంది.

శనివారం: గుర్తులు చెరపడం

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. ఇమేజ్ తీసే ముందు నడిపే స్క్రిప్టు ఒకటి రాశాం, దాని పని ఇమేజ్‌లో ఎవరి గుర్తూ మిగలకుండా చూడటం.

మెషీన్-ఐడీ ఫైల్‌ని ఖాళీ చేస్తుంది. తీసేయదు, ఖాళీగా ఉంచుతుంది. ఖాళీగా ఉంటే బూట్ అయ్యేటప్పుడు సిస్టమ్‌డీ (సర్వీసులన్నీ నడిపే ప్రోగ్రాం) కొత్త ఐడీ తయారు చేసుకుంటుంది. ఫైలే లేకపోతే దాన్ని మొట్టమొదటి బూట్ కింద లెక్కేసి, సర్వీసులన్నిటికీ ప్రీసెట్లు మళ్ళీ వర్తింపజేస్తుంది, మనం ఆపిన సర్వీసులు మళ్ళీ లేస్తాయి. ఈ ఐడీ అన్ని మెషీన్లలో ఒకటే ఉండిపోతే వచ్చే తలనొప్పి చిత్రంగా ఉంటుంది. సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ వాడే చోట ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీకి చెప్పుకునే గుర్తింపు దీన్నుంచే పుడుతుంది కాబట్టి, మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్ కార్డుల సొంత నంబర్లు) వేరైనా రెండు మెషీన్లకి ఒకే ఐపీ వస్తుంది. కేబుల్‌నీ స్విచ్‌నీ అనుమానిస్తూ పూట గడిచిపోతుంది.

ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు (దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు మెషీన్‌ని గుర్తుపట్టడానికి వాడేవి) తీసేస్తుంది. వాటిని కొత్తగా పుట్టించే పని మొదటి బూట్ స్క్రిప్టుకి అప్పగించాం. ర్యాండమ్ సీడ్ ఫైల్ తీసేస్తుంది, అందరికీ ఒకే సీడ్ ఉండటం మంచిది కాదు. నెట్‌వర్క్ మేనేజర్‌లో సేవ్ అయిన కనెక్షన్లు తుడిచేస్తుంది. ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో లూప్‌బ్యాక్ తప్ప ఏమీ ఉంచదు, ఎందుకంటే వర్చువల్ మెషీన్‌లో కార్డు పేరు ఒకటి, కిటికీ వరసలో ఇంకొకటి, తలుపు వైపు మరొకటి. పేరు రాయకుండా వదిలేస్తే నెట్‌వర్క్ మేనేజర్ ఉన్న కార్డు మీద తనే కనెక్షన్ తెచ్చుకుంటుంది.

ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో డిస్కుల పేర్లు ఎక్కడా లేవు, అన్నీ యూయూఐడీలే. క్లోన్ చేసిన ప్రతి డిస్కుకీ అదే యూయూఐడీ ఉంటుంది, దానికి ఇబ్బంది లేదు. రెండు క్లోన్ డిస్కులు ఒకే మెషీన్‌కి తగిలించినప్పుడే ప్రమాదం, ఏది మౌంట్ అవుతుందో చెప్పలేం. బీరువా మీద అంటించిన కాగితంలో ఈ ఒక్క మాట ఎర్ర పెన్నుతో రాశాం.

మొదటి బూట్ స్క్రిప్టు పనులు: కొత్త ఎస్ఎస్‌హెచ్ కీలు, డిస్కు పెంచడం, మెషీన్‌కి పేరు పెట్టడం. మిగిలిన జాగా కలిపి పార్టిషన్ పెంచడానికి గ్రోపార్ట్, ఆ తర్వాత అందులోని ఫైల్‌సిస్టమ్ పెంచడానికి రీసైజ్2ఎఫ్ఎస్. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది పేర్ల తీరు. శాటా డిస్కులో మూడో పార్టిషన్ అంటే ఎస్‌డీఏ3. ఎన్‌వీఎమ్ఈలో అయితే నంబరు ముందు ఒక పీ వచ్చి చేరుతుంది. పేరుకి నంబరు అతికించే స్క్రిప్టు తలుపు దగ్గర ఆగిపోతుంది. అందుకే రూట్ ఏ పార్టిషన్ మీద ఉందో, దాని తల్లి డిస్కు ఏదో కెర్నల్‌నే అడిగి తెలుసుకునేలా రాశాం.

పేరు పెట్టడానికి మొదట డీఎమ్ఐ సీరియల్ నంబరు (తయారీదారు బోర్డులో రాసి పెట్టే నంబరు) అనుకున్నాం. బ్రాండెడ్ వాటిలో చక్కగా వచ్చింది. మధ్య వరస అసెంబుల్డ్ మెషీన్లన్నీ మాత్రం ఒకటే జవాబు ఇచ్చాయి: "టు బి ఫిల్డ్ బై ఓఈఎమ్". బోర్డు అమర్చినవాళ్ళు నింపాల్సిన గడి, ఎవరూ నింపలేదు. సీరియల్ వదిలేసి మ్యాక్ అడ్రస్‌కి మారాం. ఏ మ్యాక్ ఏ సీటుదో ఒక పట్టికలో రాసి ఇమేజ్‌లోనే పెట్టాం. పట్టికలో ఉంటే సీటు నంబరే పేరు, లేకపోతే మ్యాక్‌లోని చివరి ఆరు అక్షరాలు.

సోమవారం: వరసకి ఒకటి

అన్నిటి మీదా ఒకేసారి పోయకుండా వరసకి ఒకటి చొప్పున ఎక్కించాం. తలుపు వైపుది సెక్యూర్ బూట్, వీఎమ్‌డీ రెండూ ఆన్‌లో ఉండగానే లేచింది. గోడ, మధ్య వరసలు నిశ్శబ్దంగా పనిచేశాయి. కిటికీ వైపు రెండు విషయాలు తేలాయి.

ఒకటి, తెర 1024x768 దగ్గరే ఆగిపోయింది. డ్రైవర్ సంగతి కాదు. వీజీఏ కేబుల్‌లో మానిటర్ తన వివరాలు చెప్పే పిన్ను ఒకటి విరిగి ఉంది, మానిటర్ ఏదో తెలియక సిస్టమ్ సురక్షితమైన రిజల్యూషన్ ఎంచుకుంది. కేబుల్ మారిస్తే సరిపోయింది. ఇమేజ్‌లో రిజల్యూషన్ బలవంతంగా రాసి ఉంటే మిగతా మూడు వరసలూ పాడయ్యేవి.

రెండోది సెల్. ఆ బోర్డుల్లో చాలావాటికి సీఆర్2032 సెల్ అయిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ళు వెనక్కి పోతోంది. తేదీ వెనక ఉంటే బ్రౌజరు సర్టిఫికెట్లు ఒప్పుకోదు, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్ కూడా రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లుబాటు కాలేదని ఆపేస్తుంది. చూసేవాళ్ళకి ఇమేజ్ చెడిపోయినట్టే ఉంటుంది. సెల్స్ కొత్తవి వేశాం, దాంతోపాటు ల్యాబ్ సర్వర్‌లో క్రోనీ అనే టైమ్ సర్వీసు పెట్టి, అన్ని మెషీన్లూ బూట్ కాగానే టైమ్ అక్కణ్ణుంచి తీసుకునేలా చేశాం. సెల్ పోతే బయోస్ సెట్టింగులూ మొదటికొస్తాయి, శాటా మోడ్ మారిపోయే బోర్డులు ఉంటాయి. ఇనిట్రామ్‌ఎఫ్ఎస్‌లో అన్ని డ్రైవర్లూ ఉన్నాయి కాబట్టి మోడ్ మారినా మా ఇమేజ్ లేస్తుంది. మధ్య వరసలో ఒకదానికి కావాలనే మోడ్ మార్చి చూశాం, లేచింది.

పంపకం

క్లోన్‌జిల్లా తైవాన్‌లోని నేషనల్ సెంటర్ ఫర్ హై-పర్ఫార్మెన్స్ కంప్యూటింగ్ వాళ్ళు తయారు చేసింది. పార్ట్‌క్లోన్ సాయంతో డిస్కులో వాడిన బ్లాకులు మాత్రమే తీసుకుంటుంది. జెడ్‌స్టాండర్డ్‌తో కుదించాక ఇమేజ్ 4 జీబీ దగ్గరికి వచ్చింది.

నెట్‌వర్క్ బూట్‌కి కాలేజీ డీహెచ్‌సీపీ సర్వర్‌ని ముట్టుకోకుండా డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న సర్వర్‌ని ప్రాక్సీ మోడ్‌లో పెట్టాం. మెషీన్ అడిగేటప్పుడు 93వ ఆప్షన్‌లో తన రకం చెబుతుంది, 0 అయితే బయోస్, 7 అయితే 64 బిట్ యూఈఎఫ్ఐ. దాన్ని బట్టి వేర్వేరు బూట్‌లోడర్ ఇస్తే చాలు. కిటికీ వరసలో బయోస్‌లోకి వెళ్ళి ల్యాన్ బూట్ రోమ్ ఎనేబుల్ చేయాల్సి వచ్చింది, దానికి వేరే దారి లేదు.

అందరికీ ఒకేసారి పంపడానికి మల్టీకాస్ట్ ఉంది. సర్వర్ ఒక్కసారే పంపుతుంది, అందరూ అందుకుంటారు. కానీ అది పెళ్ళిలో బంతి భోజనం లాంటిది, నెమ్మదిగా తినేవాళ్ళు ముగించేదాకా బంతి లేవదు. కిటికీ వరస ల్యాన్ పోర్టులు 100 ఎంబీపీఎస్, అంటే ఎంత బాగా నడిచినా సెకనుకి 12.5 ఎంబీ మించదు. గిగాబిట్ పోర్టుకి ఆ హద్దు 125. అందర్నీ కలిపి కూర్చోబెడితే ఎన్‌వీఎమ్ఈ మెషీన్లు కూడా పాతవాటి వేగంతో నడవాలి. కాబట్టి రెండు గ్రూపులు చేశాం. గిగాబిట్ వరసలు మొదట, కిటికీ వరస విడిగా మధ్యాహ్నం భోజనాల వేళ. మేనేజ్‌మెంట్ లేని మామూలు స్విచ్‌లు మల్టీకాస్ట్‌ని అన్ని పోర్టులకీ వెదజల్లుతాయి, అందుకని ఆఫీసు రూముకి వెళ్ళే కేబుల్‌ని ఆ కాసేపూ తీసి పక్కన పెట్టాం.

తెలుగు

అన్ని మెషీన్లలో తెలుగు కీబోర్డు ముందే ఉండాలని పట్టుబట్టాను. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్, ఇంగ్లిష్ అక్షరాలతో టైప్ చేసేవాళ్ళకి ఐబస్‌లో ఎమ్17ఎన్ పద్ధతి. లోహిత్, నోటో ఫాంట్లతో పాటు తెలుగువిజయం ప్యాకేజీ కూడా, అందులో మండలి, రామభద్ర లాంటివి వస్తాయి. మా తెలుగు శాఖ వాళ్ళ పాత ప్రశ్నపత్రాలు అను ఫాంట్లలో ఉన్నాయి, అవి యూనికోడ్ కావు కాబట్టి వాటికోసం విండోస్ మెషీన్ దగ్గరికే వెళ్ళాలి. కొత్త పేపర్లు యూనికోడ్‌లో కొట్టడం మొదలుపెట్టారు. ఏ సీట్లో కూర్చున్నా ఒకే కీతో భాష మారడం వాళ్ళకి బాగా నచ్చింది.

అప్‌డేట్ల సంగతి

బిన్ ప్యాకేజీలు వాడటంలో ఒక లోటుంది. గ్రబ్‌కి అప్‌డేట్ వస్తే ప్యాకేజీ మారుతుంది గానీ, డిస్కు మీద బూట్ భాగంలో ఉన్నది పాతదే ఉంటుంది. ఆప్ట్ పని ముగిశాక రెండు టార్గెట్లకీ గ్రబ్-ఇన్‌స్టాల్ మళ్ళీ నడిపే హుక్ రాసి ఇమేజ్‌లో చేర్చాం. ఇమేజ్ వెర్షన్, తయారైన తేదీ ఒక చిన్న ఫైల్‌లో ఉంటాయి. మార్పు ఏదైనా ముందు వర్చువల్ మెషీన్‌లో, తర్వాత వరసకి ఒకదాని మీద, ఆ తర్వాతే అందరికీ. తొందరలో ఎవరైనా ఒక్క మెషీన్‌లో నేరుగా మార్చుకుంటే, తర్వాతిసారి ఇమేజ్ పోసినప్పుడు అది పోతుందని అందరికీ చెప్పాం.

కొత్తగా వచ్చిన లాప్‌టాప్‌లు

పూర్వ విద్యార్థులు కొన్ని లాప్‌టాప్‌లు ఇచ్చారు, ఏఎమ్‌డీ ప్రాసెసర్లు. ల్యాబ్‌లో ఇప్పటిదాకా లేని రకం. ఇమేజ్‌ని ఏమీ మార్చకుండా పోశాం. బూట్ అయింది, గ్రాఫిక్స్, సౌండ్, టచ్‌ప్యాడ్ అన్నీ వచ్చాయి, ముందే పెట్టిన ఫర్మ్‌వేర్ అక్కరకొచ్చింది. వై-ఫై మాత్రం రాలేదు. ఆ చిప్‌కి 6.12 కెర్నల్‌లో డ్రైవరే లేదు. కెర్నల్‌లో లేనిదాన్ని ఇమేజ్ ఎక్కణ్ణుంచి తెస్తుంది?

బయటి సోర్స్ తెచ్చి డీకేఎమ్ఎస్ అనే పనిముట్టుతో కంపైల్ చేసే దారి ఆలోచించాం. సెక్యూర్ బూట్ ఉన్నప్పుడు అలా కట్టిన మాడ్యూల్‌కి సొంత కీతో సంతకం చేయాలి, ఆ కీని ప్రతి మెషీన్ దగ్గరా చేత్తో ఒప్పించాలి, కెర్నల్ మారిన ప్రతిసారీ మళ్ళీ కంపైల్ కావాలి. ఒక్క చిప్ కోసం నాలుగు వరసల ఇమేజ్‌లో అంత బరువు మోయడం నాకు ఇష్టం లేదు. కేబుల్ తగిలిస్తే ఆ లాప్‌టాప్‌లు ల్యాబ్‌లో బాగానే నడుస్తున్నాయి. సెమినార్ హాల్‌కి తీసుకెళ్ళేటప్పటి కోసం, 6.12 కెర్నల్‌లో డ్రైవర్ ఉన్న చిప్‌తో యూఎస్‌బీ వై-ఫై డాంగిల్స్ కావాలని ఇండెంట్ రాశాను. చిప్ నంబరు కూడా అందులోనే స్పష్టంగా పెట్టి, ప్రిన్సిపాల్ గారి సంతకానికి పంపాను.